రీట్రాన్స్‌ఫర్ కార్డు ప్రింటర్ ఎలా పనిచేస్తుంది, మామూలు థర్మల్ ఉన్నవాళ్లు కొనాలా

కావలి నుంచి ఒక బ్రదర్ అడిగిన ప్రశ్న ఇదీ. ఫొటో స్టూడియోతో పాటు మామూలు థర్మల్ ప్రింటర్ పెట్టుకుని కాలేజీ ఐడీ కార్డులు కొడుతున్నారు. ఈమధ్య చిప్ ఉన్న కార్డుల ఆర్డరు వచ్చింది. చిప్ ఉన్న చోట తెల్ల మచ్చ పడుతోంది, కార్డు చుట్టూ సన్నగా తెల్ల అంచు మిగులుతోంది. డీలరేమో రీట్రాన్స్‌ఫర్ మెషిన్ తీసుకోమంటున్నాడు. అది నిజంగా వేరే పద్ధతా, లేక రేటు పెంచి అమ్ముకోవడానికి చెప్పే మాటా అని ఆయన అనుమానం.

నిజంగానే వేరే పద్ధతి. డీలరు ఆ ఒక్క విషయంలో అబద్ధం చెప్పలేదు. మీ షాపుకు అవసరమా అన్నది వేరే లెక్క, దానికి తర్వాత వస్తాను. నేను నెల్లూరులో కార్డుల పనే చేస్తాను, అంతకుముందు చెన్నైలో ఒక కార్డుల కంపెనీలో ఉన్నాను, రెండు రకాల మెషిన్లూ రోజూ చూసేవే.

ముందు మీ దగ్గరున్న మెషిన్ సంగతి, ఎందుకంటే అది అర్థమైతే రెండోది సగం అర్థమైనట్టే. లోపల ప్రింట్ హెడ్ అని ఒక సన్నటి పట్టీ ఉంటుంది, దాని అంచున వరసగా వందల కొద్దీ సూక్ష్మమైన హీటింగ్ చుక్కలు. 300 డీపీఐ హెడ్ అంటే అంగుళానికి 300, అంటే 54 మిల్లీమీటర్ల కార్డు వెడల్పుకు దాదాపు 640 చుక్కలు. రిబ్బన్ మీద పసుపు, మెజెంటా, సయాన్ రంగులు ఒకదాని తర్వాత ఒకటి ప్యానెళ్లుగా ఉంటాయి. హెడ్ ఆ రిబ్బన్‌ను కార్డుకు అదిమి వేడి చేస్తే రంగు రిబ్బన్ వదిలి పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేసిన కార్డు పైపొరలోకి ఇంకుతుంది. ఎక్కువ వేడి ఇస్తే ఎక్కువ రంగు, తక్కువ ఇస్తే తక్కువ, ఒక్కో రంగుకు 256 స్థాయిలు, అందుకే ఫొటోలో చెంప మీద నీడ కూడా చుక్కలు కనపడకుండా నున్నగా వస్తుంది. తర్వాత అక్షరాలకూ బార్‌కోడ్‌కూ నల్ల ప్యానెల్, చివర పైన పారదర్శకమైన పూత. మీరు కొనే వైఎంసీకేఓ రిబ్బన్‌లో ఉన్న అయిదు అక్షరాలూ ఇవే.

ఇక్కడ చూడాల్సింది ఏంటంటే హెడ్‌కూ కార్డుకూ మధ్య రిబ్బన్ మందం తప్ప ఇంకేం లేదు. మీరు చెప్పిన రెండు కంప్లైంట్లూ ఇక్కడే పుడతాయి. చిప్ కార్డు లోపల చిప్పు, యాంటెన్నా తీగ పెట్టి పైనా కిందా పీవీసీ పొరలు అతికిస్తారు. చేత్తో తడిమితే నున్నగానే ఉంటుంది గానీ ట్యూబ్‌లైట్ కింద కార్డును ఏటవాలుగా పట్టుకుని ఆ వెలుతురు గీత కార్డు మీద పాకేలా తిప్పి చూడండి, చిప్ ఉన్న చోట ఆ గీత కాస్త వంకర పోతుంది. అంత చిన్న గుంత చాలు, అక్కడ రిబ్బన్ సరిగ్గా అదమదు, రంగు దిగదు, తెల్ల మచ్చ. ఇక అంచు సంగతి. హెడ్ కార్డు అంచు దాటి కిందికి దిగితే రిబ్బన్ చిరుగుతుంది, హెడ్ దెబ్బ తింటుంది, అందుకని మెషినే కొంచెం ముందుగా ఆగిపోతుంది. కొన్ని మెషిన్లు అంచు దాకా కొడతామని చెప్పుకుంటాయి, దగ్గరగా వస్తాయి కూడా, కానీ ముదురు నీలం బ్యాక్‌గ్రౌండ్ వేసి చూస్తే ఎక్కడో ఒక పక్క వెంట్రుకంత తెలుపు దొరుకుతుంది.

రీట్రాన్స్‌ఫర్‌లో హెడ్ కార్డును అసలు తాకదు. బొమ్మను ముందు ఒక పారదర్శకమైన ఫిల్మ్ మీద కొడుతుంది, ఆ ఫిల్మ్‌ను వేడి రోలర్‌తో కార్డుకు అతికిస్తుంది, ఆఖర్న ఫిల్మ్ కింద ఉన్న ప్లాస్టిక్ పట్టీని ఒలిచేస్తుంది. చిన్నప్పుడు చూయింగ్ గమ్ కాగితంలో బొమ్మ వచ్చేది గుర్తుందా, చేతి మీద పెట్టి తడిపి అదిమి కాగితం లాగేస్తే బొమ్మ చేతికి అంటుకునేది, ఇదీ అదే పని, నీళ్ల బదులు వేడి. దాంట్లో లాగానే ఇక్కడ కూడా బొమ్మ తిరగేసి ప్రింట్ కావాలి, లేకపోతే పేరు అద్దంలో చూసినట్టు పడుతుంది. ఆ తిరగేయడం కంప్యూటర్‌లో ఉండే ప్రింటర్ డ్రైవర్ సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది, మీరు డిజైన్‌ను తిప్పి పంపొద్దు.

ఆ ఫిల్మ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కిటుకంతా అందులోనే ఉంది. చూడటానికి ఒకటే పల్చటి ప్లాస్టిక్ చుట్ట, కానీ అందులో పొరలున్నాయి. అడుగున గట్టి పాలియెస్టర్ పట్టీ, ఇది మోయడానికే, చివరికి చెత్తలోకి పోతుంది. దాని మీద వేడికి వదిలిపోయే పొర. ఆ పైన రక్షణ పొర. అన్నిటికంటే పైన రంగును పట్టుకునేదీ, వేడి తగిలితే కార్డుకు అంటుకునేదీ ఒకటే పూత. హెడ్ ఈ పై పూత మీద రంగులు దించుతుంది. తర్వాత ఫిల్మ్ బోర్లా పడి, 170 నుంచి 190 డిగ్రీల దాకా వేడెక్కిన రోలర్ కింద కార్డుతో కలిసి నడుస్తుంది. పట్టీ ఊడిపోయాక కార్డు మీద ఏం మిగిలిందో ఆలోచించండి: కింద కార్డు, మధ్యలో బొమ్మ, పైన రక్షణ పొర. అంటే రంగు రెండింటి మధ్య ఇరుక్కుని ఉంది, గోరు గానీ చెమట గానీ దాన్ని నేరుగా తాకవు. థర్మల్ కార్డులో పూత తర్వాత విడిగా వేస్తే ఇందులో అది బొమ్మతో పాటే వచ్చేస్తుంది.

అంత వేడికి కార్డు కరిగిపోదా అని చాలామంది అడుగుతారు. పీవీసీ 80 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది కాబట్టి అడగాల్సిన ప్రశ్నే. రోలర్ కింద కార్డులో ఒక్కో చోటు ఉండేది చాలా తక్కువ సేపు, పైపొరకు తగిలిన వేడి లోపలికి దిగేలోపే కార్డు ముందుకు వెళ్లిపోతుంది. అయినా కొంచెం వంగుతుంది. అందుకే మంచి మెషిన్లలో చివర కార్డును మళ్లీ సాపు చేసే భాగం ఒకటి పెడతారు. దాన్ని డ్రైవర్లో ఎవరో ఆపేసి ఉంటారు, కార్డులు వంకరగా వస్తున్నాయని ఫోన్ చేస్తారు, ఇది రివాజే.

ఫిల్మ్ కార్డు కంటే కాస్త పెద్దగా ఉంటుంది, బొమ్మ కూడా అంచు దాటి కొట్టుకోవచ్చు, రోలర్ అదిమినప్పుడు కార్డు ఎంత ఉంటే అంతే అంటుకుని మిగతాది పట్టీతో పాటు పోతుంది. తెల్ల అంచు పోయేది ఇట్టా. రోలర్ మెత్తటి రబ్బరుది, చిప్ దగ్గర గుంత ఉన్నా ఫిల్మ్‌ను లోపలికి నొక్కుతుంది, పైగా అప్పటికే బొమ్మ ఫిల్మ్ మీద పూర్తిగా పడి ఉంది కాబట్టి రంగు దిగకపోవడం అనే సమస్యే లేదు. ఇంకో సంగతి, థర్మల్‌లో రంగు పీవీసీలోకే ఇంకాలి, ఇందులో రంగు ఫిల్మ్‌లో ఉంటుంది, కార్డుకు జిగురు పడితే చాలు. కాబట్టి పెట్, ఏబీఎస్, పాలీకార్బొనేట్ లాంటి వేరే ప్లాస్టిక్ కార్డుల మీద కూడా కొట్టొచ్చు, ప్రతిదానికీ వేడి సరి చూసుకోవాలంతే.

హెడ్ బతకడం గురించి కూడా చెప్పాలి. థర్మల్ మెషిన్లో కార్డు మీద ఒక్క ఇసుక రేణువు ఉన్నా అది హెడ్ మీద గీత పెడుతుంది, అప్పట్నుంచి ప్రతి కార్డు మీదా ఒకే చోట నిలువునా సన్నటి తెల్ల గీత, హెడ్ మార్చేదాకా పోదు. రీట్రాన్స్‌ఫర్‌లో హెడ్‌కు తగిలేవి రిబ్బనూ ఫిల్మూ మాత్రమే, రెండూ శుభ్రమైనవే. అందుకే కొన్ని కంపెనీలు వీటి హెడ్‌కు మెషిన్ ఉన్నంత కాలం వారంటీ ఇస్తామంటాయి. మన చీమకుర్తి వైపు గ్రానైట్ యూనిట్లలో కూర్చుని అక్కడికక్కడే కార్డులు కొట్టే పని వస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది, ఆ దుమ్ము ఎంత మూసినా లోపలికి వస్తుంది. అట్టాగని దుమ్మును ఈ మెషిన్ పట్టించుకోదని కాదు. ఫిల్మ్ కింద రేణువు పడితే అక్కడ చిన్న పొక్కు లేస్తుంది, గోరుతో గీరితే అక్కణ్ణుంచే ఫిల్మ్ లేవడం మొదలవుతుంది. కార్డు మీది దుమ్ము తీసే క్లీనింగ్ రోలర్ జిగురు తగ్గితే మార్చేయండి, కార్డుల్ని అంచులు పట్టుకుని వేయండి, తలకు నూనె రాసుకున్న చేత్తో కట్ట మొత్తం తిరగేసి హాపర్లో, అంటే కార్డులు పెట్టే అరలో, పెడితే ఎవడేం చేయలేడు.

రీట్రాన్స్‌ఫర్‌లో కూడా రెండు జాతులున్నాయి, ఇది డీలర్లు సాధారణంగా చెప్పరు. ఒకటి పైన చెప్పినట్టు వేడికి ఇంకే రంగుతో, దీన్నే సబ్లిమేషన్ అంటారు, రెండోది పిగ్మెంట్ ఇంకుతో. పిగ్మెంట్‌లో రంగు ఇంకదు, చుక్కలుగా ఫిల్మ్ మీద అంటుకుంటుంది, ఎక్కువగా 600 డీపీఐ హెడ్లతో వస్తాయి. భూతద్దం పెడితే చుక్కలు కనిపిస్తాయి, చిన్న అక్షరాలు మాత్రం కత్తిలా ఉంటాయి. అసలు లాభం ఎండలో. సబ్లిమేషన్ రంగు నెలల తరబడి ఎండలో వేలాడితే వెలిసిపోతుంది. ఏసీ గదిలో కూర్చునే వాళ్లకు ఏ తేడా తెలియదు. కృష్ణపట్నం పోర్టు గేటు దగ్గర సెక్యూరిటీకో, రోజంతా బయట తిరిగే లైన్‌మెన్‌కో ఇచ్చే కార్డయితే పిగ్మెంటే అడగండి, నా ఓటు దానికే.

ఇప్పుడు మెషిన్ వచ్చాక తగిలే తంటాలు. మొదటిది ఫిల్మ్ సరిగ్గా అంటకపోవడం. కార్డు చల్లారాక ఒక మూల దగ్గర సెల్లోటేపు గట్టిగా అతికించి ఒక్కసారిగా లాగండి. ఫిల్మ్ టేపుతో పాటు వస్తే వేడి చాలలేదు, లేదా రోలర్ వేగం ఎక్కువైంది. ముందు వేగం తగ్గించి చూడండి, తర్వాత వేడి 5 డిగ్రీలు పెంచండి, రెండూ ఒకేసారి కదిలించారంటే దేనివల్ల బాగైందో మీకే తెలియదు. వేడి ఎక్కువైతే రివర్స్: కార్డు వంగుతుంది, అంచుల వెంబడి ఫిల్మ్ పీచులు మిగులుతాయి. ఆ పీచులు బొటనవేలితో రుద్దితే పోతాయి గానీ 500 కార్డులకు రుద్దుకుంటూ కూర్చోలేం కదా.

రెండోది వాతావరణం. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, వాయుగుండం పట్టిందంటే గోడలు కూడా చెమరుస్తాయి. ఫిల్మూ రిబ్బనూ కవరు విప్పకుండా ఉంచండి, ఏసీ గదిలోంచి తీసిన చుట్టను వెంటనే వాడొద్దు, మెషిన్ ఉన్న గదిలో కాసేపు పెట్టి విప్పండి. మేలో ఇంకో గొడవ, రేకుల షెడ్డులోనో కారు డిక్కీలోనో మధ్యాహ్నమంతా వదిలేసిన రిబ్బన్ పొరలు అంటుకుపోతాయి. చెన్నై నుంచి పార్సిల్ తెప్పించుకునేటప్పుడు రాత్రి బస్సుకు వేయించండి, చాలు.

మూడోది కరెంటు. రోలర్ వేడిగా ఉండగా, కార్డు సరిగ్గా దాని కింద ఉండగా కరెంటు పోతే కార్డు ఇరుక్కుని ఫిల్మ్ రోలర్‌కు చుట్టుకుంటుంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో గీకొద్దు, రబ్బరు మీద గాటు పడితే ఇక ప్రతి కార్డు మీదా ఆ గాటు మచ్చే. పూర్తిగా చల్లారనిచ్చి చేత్తో తిప్పి తీయాలి. మంచి యూపీఎస్ తప్పదు, హీటర్ లోడు చూసుకుని తీసుకోండి, కంప్యూటర్‌కు పెట్టుకునే చిన్నది దీన్ని మోయలేదు.

మీ చిప్ కార్డుల విషయానికొస్తే, ముందు అది ఏ రకమో చూడండి. బయటికి ఏమీ కనిపించని, తలుపు దగ్గర చూపిస్తే బీప్ కొట్టే రకమైతే మొత్తం కార్డు మీద ఫిల్మ్ వేసుకోవచ్చు. బంగారు రంగు చిప్పు పైకి కనిపించే రకమైతే దాని మీద ఫిల్మ్ పడకూడదు, పడితే రీడర్ పిన్నులకు తగలదు, చదవదు. వెనక నల్ల మ్యాగ్నెటిక్ స్ట్రిప్‌కూ, పెన్నుతో సంతకం పెట్టే పట్టీకీ ఇదే రూలు. దీనికి ఆ భాగంలో ఫిల్మ్ అంటకుండా ఆపే ప్రత్యేక ప్యానెల్ ఉన్న రిబ్బన్లు దొరుకుతాయి, మెషిన్ కొనేముందే మీ మోడల్‌కు అది ఉందో లేదో అడగండి, చాలామంది కొన్నాక అడుగుతారు.

ఇంకోటి, ట్యాగు తగిలించడానికి కార్డుకు స్లాట్ పంచ్ చేస్తాం కదా. చాలా బీప్ కార్డుల్లో యాంటెన్నా తీగ అంచు వెంబడే నాలుగు పక్కలా తిరుగుతుంది. పంచ్ దాన్ని తెంపిందంటే ప్రింట్ ఎంత అందంగా ఉన్నా కార్డు చచ్చినట్టే. ఫోన్ టార్చ్ వెలిగించి కార్డును దానిమీద ఆనించి చూడండి, తెల్ల కార్డులోంచి తీగ చుట్లూ చిప్పు చుక్కా నీడలాగ కనిపిస్తాయి. పంచ్ పడే చోట తీగ ఉంటే పంచ్ మానేసి హోల్డర్ ఇవ్వండి. పంచ్ చేయగలిగినా ప్రింట్ తర్వాతే చేయాలి. ముందే స్లాట్ ఉన్న కార్డును ఈ మెషిన్లో వేస్తే ఫిల్మ్ ఆ రంధ్రం మీద అడ్డంగా పరుచుకుంటుంది.

అలాగే ఇంక్‌జెట్ ప్రింటర్ ట్రేలో పెట్టి కొట్టుకునే తెల్ల పీవీసీ కార్డులు మీ షాపులో కచ్చితంగా ఉండుంటాయి. అవి దీంట్లో వేయొద్దు. ఇంకు పట్టడానికి వాటి మీద పూత ఉంటుంది, ఫిల్మ్ ఆ పూతకు అంటుకుంటుంది తప్ప కార్డుకు కాదు, పూతతో సహా ఊడొస్తుంది. రోలర్ వేడికి వంగని కార్డులు కావాలంటే పీవీసీలో పెట్ కలిపిన కాంపోజిట్ కార్డులు అడగండి, రేటు ఎక్కువే, పాస్‌లు ఏడాదికోసారి మార్చే చోట అవసరం లేదు.

ఇక ఖర్చు. థర్మల్ మెషిన్ వేలల్లో అయిపోతే ఇది లక్షల్లోకి వెళ్తుంది. నడిపే ఖర్చులో చాలామంది పొరబడేది ఒకటుంది. రిబ్బన్ పెట్టె మీద రాసేది ఇమేజ్‌ల లెక్క, కార్డుల లెక్క కాదు. 500 ఇమేజ్‌ల రిబ్బన్‌తో రెండు వైపులా రంగు కొడితే 250 కార్డులే. వెనక పక్క అడ్రసు, రూల్సు నల్ల అక్షరాలే అయితే రెండు నల్ల ప్యానెళ్లుండే వైఎంసీకేకే రిబ్బన్ వాడుకోవచ్చు, రంగు ఆదా అవుతుంది. కానీ ఫిల్మ్ ఆదా కాదు, వెనక పక్క ఒక్క లైను ఉన్నా ఒక పూర్తి ఫిల్మ్ ముక్క ఖర్చే. టైము కూడా చూసుకోండి, ఒక వైపుకు దాదాపు అర నిమిషం నుంచి నిమిషం దాకా పడుతుంది, పొద్దున ఆన్ చేయగానే రోలర్ వేడెక్కడానికి కాసేపు ఆగాలి.

కాబట్టి మీకు నా మాట: మీ పని ఎక్కువగా స్కూలు పిల్లల ఐడీ కార్డులే అయితే ఇది కొనొద్దు. ఆ కార్డు మార్చి దాకా బతికితే చాలు, డ్రాగన్ షీట్ అనే ప్లాస్టిక్ షీటు మీద కొట్టి, వేడితో అతికించి (ఫ్యూజింగ్), పంచ్ కొట్టే పనికే అది సరిపోతుంది, రేటు దగ్గర మీరు పోటీ పడలేరు కూడా. మీ థర్మల్‌ను స్టాఫ్ కార్డులకు ఉంచండి, తెల్ల అంచు కనపడకూడదంటే డిజైన్‌లోనే బ్యాక్‌గ్రౌండ్ తెలుపు పెట్టి లోగోను లోపలికి జరపండి, సగం కంప్లైంట్లు అక్కడే ఆగుతాయి. చిప్ కార్డులకు కూడా ఫొటోనూ అక్షరాల్నీ చిప్ లేని పక్కకు జరిపితే థర్మల్‌తోనే గట్టెక్కొచ్చు. రొయ్యల ప్లాంట్లు, పోర్టు, పవర్ ప్లాంటు కాంట్రాక్టర్లు లాంటి చోట్ల నుంచి చిప్ కార్డులు నెల నెలా వస్తాయని గట్టి నమ్మకం ఉంటేనే ఈ మెషిన్ గురించి ఆలోచించండి. రొయ్యల ప్లాంట్లలో అయితే మామూలు ఫిల్మ్ కూడా చాలదు, రోజూ తడి, క్లోరిన్ నీళ్లు, అక్కడ ఫిల్మ్ పైన మళ్లీ లామినేట్ ప్యాచ్, అంటే ఇంకో రక్షణ ప్లాస్టిక్ ముక్క, వేసే మాడ్యూల్ కావాలి, అది ఇంకో ఖర్చు. అప్పటిదాకా ఆ ఒక్క ఆర్డరు బయట ఎవరి దగ్గరైనా కొట్టించి ఇవ్వండి, లాభం తగ్గినా టెన్షన్ ఉండదు.

వాడేసిన రిబ్బన్ గురించి ఒక మాట, ఎవరూ పట్టించుకోరు గనుక. నల్ల ప్యానెల్ విప్పి వెలుతురుకు పెట్టండి, పేరు, నంబరు, బ్లడ్ గ్రూపు అన్నీ చదవొచ్చు. అక్షరం ఉన్న చోట నలుపు కార్డుకు పోయి రిబ్బన్ మీద ఖాళీ మిగులుతుంది. రిజెక్ట్ అయిన ఫిల్మ్ ముక్క మీద అయితే మొత్తం ఫొటోనే ఉంటుంది. కాలేజీ ఆడపిల్లల వివరాలు చెత్త కుండీ పాలు చేయొద్దు, ముక్కలు చేసి పారేయండి. కంపెనీ ఆర్డర్లలో ఇప్పుడు ఇది రాసి మరీ అడుగుతున్నారు.

డెమోకు వెళ్తే డీలరు ఇచ్చే తెల్ల కార్డు మీద చూసి రావొద్దు. మీ ఆర్డరు కార్డులే పట్టుకెళ్లండి, ముందూ వెనకా అంచు దాకా పూర్తి నలుపు కొట్టమనండి, లోపం ఎక్కడున్నా నలుపులో దాగదు. చల్లారాక టేపు పరీక్ష అక్కడే చేయండి, బీప్ పనిచేస్తోందో రీడర్ మీద పెట్టి చూడండి, కార్డును గాజు బల్ల మీద పెట్టి మూలలు లేచాయేమో చూడండి. కొటేషన్లో ఒక వైపు కార్డుకు ఎంత, రెండు వైపులకు ఎంత అని రిబ్బన్, ఫిల్మ్ విడివిడిగా రాయించుకోండి. మీ కార్డు ఏ రకమో, నెలకు ఎన్ని వస్తాయో ఇక్కడ రాస్తే ఏ మెషిన్ సరిపోతుందో చెబుతాను.